వరద లెక్కలో మన వాగు ఏది?

పోయిన నెల పామూరులో జరిగిన మన మండల సమావేశంలో ఒక కుర్ర రైతు సెల్‌ఫోన్ తీసి అందరికీ చూపించాడు. నదికి వరద వచ్చేది వారం ముందే చెప్పే కంప్యూటర్ లెక్కలు వచ్చాయని, ఇక అధికారులు మనల్ని చీకట్లో పెట్టలేరని సంతోషంగా చెప్పాడు. అందరం తలా ఒకసారి ఫోన్ పట్టుకుని చూశాం. వెనక కూర్చున్న ఒక పెద్దాయన మాత్రం ఫోన్ ముట్టుకోలేదు. "మనకు తాగేదానికే నీళ్ళు లేవు. వెయ్యి అడుగులు బోరు దింపినా దుమ్ము తప్ప తడి రావడంలేదు. ఎక్కడో కృష్ణకు వచ్చే వరద లెక్క మనకెందుకబ్బా?" అన్నాడు. అందరూ నవ్వారు. మేమూ నవ్వాం. ఇంటికి వచ్చిన తర్వాత ఆ ప్రశ్న నవ్వుకునేది కాదనిపించింది. అందుకే ఈ వ్యాసం.

పెద్దాయన అడిగినదానికి మా జవాబు రెండు మాటలు. ఒకటి, మన కరువు తీరేది వరద నీళ్ళతోనే కాబట్టి పెద్ద నదుల వరద లెక్క మనకు బతుకు లెక్క. రెండు, ఆ లెక్క పెద్ద నదిని చూసినంత బాగా మన వాగును, మన చెరువును చూడడంలేదు. చూడని చోట మనం నష్టపోతున్నాం, నష్టపోయినా "లెక్కలో లేదు" అనిపించుకుంటున్నాం.

మన నీళ్ళు వరదలోనే ఉన్నాయి

వెలిగొండ ప్రాజెక్టు సంగతి ఈ పత్రిక చదివేవాళ్ళకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 1996లో శంకుస్థాపన చేశారు. శ్రీశైలం జలాశయం వెనక భాగంలో కొల్లంవాగు దగ్గర నుంచి నల్లమల కొండల కింద సుమారు 18.8 కిలోమీటర్ల పొడవున రెండు సొరంగాలు తవ్వి, నీళ్ళను నల్లమల సాగర్‌కు తెచ్చి, అక్కడి నుంచి ప్రకాశం, నెల్లూరు, కడప మెట్ట ప్రాంతాలకు ఇవ్వాలన్నది పథకం. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల గండ్ల దగ్గర కట్టలు కట్టారు. 2024 మార్చిలో సొరంగాలను జాతికి అంకితం చేశామన్నారు. మన పొలాలకు నీళ్ళు మాత్రం రాలేదు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టుంది మన పని.

ఆ పోరాటం వేరే. ఇక్కడ ఒక్క లెక్క గమనించండి. వెలిగొండకు తెచ్చుకోవాలన్న నీళ్ళు 43.5 టీఎంసీలు. అవి కృష్ణ వరద నీళ్ళు. వరద ఉండే 45 రోజుల్లో తోడుకోవాలని ప్రణాళిక. మొదటి సొరంగం 3,000 క్యూసెక్కులు, రెండోది సుమారు 8,500 క్యూసెక్కులు, రెండూ కలిపి 11,500. రోజంతా పూర్తిగా పారితే దాదాపు ఒక టీఎంసీ. అంటే వరద ఉన్న ఒక రోజు పోగొట్టుకుంటే ఒక టీఎంసీ పోయినట్టే. వరద 45 రోజులు కాక 30 రోజులే నిలిస్తే, సొరంగాలు క్షణం ఆగకుండా పారినా 30 టీఎంసీల దగ్గరే ఆగిపోతాం.

కాబట్టి కృష్ణకు వరద ఏ రోజు మొదలవుతుంది, ఎన్ని రోజులు ఉంటుంది, శ్రీశైలంలో నీటిమట్టం ఎప్పుడు లేస్తుంది అనేది విజయవాడ వాళ్ళకు ప్రాణభయం అయితే, పామూరు, కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు వాళ్ళకు పంట ఆశ. ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల దాటి నీళ్ళు శ్రీశైలం చేరడానికి రోజులు పడుతుంది. ఆ రోజుల్లోనే ముందు తెలిస్తే ముందు సిద్ధం కావచ్చు. నీళ్ళు వచ్చాక గేట్లకు గ్రీజు పూయడం, ఇల్లు కాలిన తర్వాత బావి తవ్వడం రెండూ ఒకటే.

కంప్యూటర్ ఏం లెక్క వేస్తుంది?

ఇందులో మంత్రమేమీ లేదు. మన తాతలు వేసిన లెక్కే. ఎగువన కొండల మీద మబ్బు పట్టి రెండు జాములు వాన కురిస్తే, రాత్రికి వాగు వస్తుందని మన తాత చెప్పేవాడు. అయితే ముందు వారం వాన లేకపోతే "నేల తాగేస్తుంది, వాగు రాదు" అనేవాడు. ముందే నేల తడిసి ఉంటే "ఈసారి కట్ట చూసుకోండి" అనేవాడు. ఎంత వాన పడింది, నేల ఎంత తాగింది, మిగిలింది ఎంత, అది ఎంతసేపటికి ఎక్కడికి చేరుతుంది. ఇవి నాలుగే ప్రశ్నలు.

కంప్యూటర్ మోడల్ కూడా ఈ నాలుగే అడుగుతుంది. కాకపోతే ఒక్క వాగుకు కాదు, నది పరీవాహక ప్రాంతం మొత్తానికి. కృష్ణ పరీవాహక ప్రాంతం 2,58,948 చదరపు కిలోమీటర్లు, గోదావరిది 3,12,812. ఇంత నేలను చదరంగం బల్ల మాదిరి గడులుగా కోస్తారు. ఒక్కో గడిలో వాన ఎంత, ఎండ ఎంత, నేల రకం ఏమిటి, అడవా, మాగాణా, మెట్టా, వాలు ఎంత అని రాసుకుంటారు. ఒక గడి నుంచి పక్క గడికి, దాని నుంచి వాగుకు, వాగు నుంచి నదికి నీళ్ళను నడిపిస్తారు.

లెక్క సరిగా ఉందో లేదో చూడడానికి పాత వానలు ఇచ్చి పాత వరదను మళ్ళీ తెప్పిస్తారు. అంటే, ఫలానా సంవత్సరం పడిన వాన అంతా కంప్యూటర్‌కు ఇచ్చి, నది ఎంత వచ్చిందో చెప్పమంటారు. అది చెప్పినదాన్ని, ఆ సంవత్సరం గేజీ దగ్గర కొలిచి రాసుకున్నదానితో పోల్చి చూస్తారు. పోలిక కుదిరితే రేపటి వాన ఇచ్చి రేపటి వరద అడుగుతారు. పోలిక కుదరకపోతే లెక్క సరిదిద్దుతారు.

ఎక్కడ బాగా చెబుతుంది?

మనం విమర్శించే ముందు మంచిని ఒప్పుకోవాలి. పెద్ద నది, వాన విస్తారంగా పడే చోటు, నిదానంగా పెరిగే వరద, దారి పొడవునా గేజీలు. ఈ నాలుగూ ఉన్న చోట లెక్క బాగా పనిచేస్తుంది. కేంద్ర జలసంఘం 1958లో ఢిల్లీ దగ్గర యమునకు వరద సూచన మొదలుపెట్టింది. మనకు బాగా తెలిసిన ఉదాహరణ గోదావరి. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఎగువ గేజీల్లో నీళ్ళు ఎంత ఉన్నాయో చూసి, భద్రాచలానికి ఎప్పుడు ఎంత వస్తుందో గంటల ముందే చెబుతారు. 1986 ఆగస్టులో అక్కడ 75.6 అడుగులు వచ్చింది. 2022 జులైలో 71.3 అడుగులు వచ్చింది. రెండోసారి ఊళ్ళు మునిగాయి, ఇళ్ళు పోయాయి, పంటలు పోయాయి. కానీ నీళ్ళు పెరుగుతున్న సంగతి అడుగడుగునా జనానికి తెలిసింది, సామాను సర్దుకుని కదలడానికి వ్యవధి దొరికింది. ఆ వ్యవధి లెక్క ఇచ్చిందే.

కాబట్టి "కంప్యూటర్ లెక్కలన్నీ బూటకం" అని కొట్టిపారేసే వాళ్ళతో మేము ఏకీభవించం. రైతు పంచాంగం చూస్తాడు, మబ్బు చూస్తాడు, రేడియోలో వాతావరణం వింటాడు. ఇదీ వినాలి. కానీ వినేటప్పుడు అది ఎంతవరకు నిజం చెబుతుందో తెలుసుకుని వినాలి.

మార్కులు ఎట్లా వేస్తారు?

మోడల్ బాగుందా లేదా అని శాస్త్రజ్ఞులు మార్కులు వేసుకుంటారు. నాష్, సట్‌క్లిఫ్ అనే ఇద్దరు 1970లో ఒక పద్ధతి పెట్టారు. ఇప్పటికీ ఎక్కువమంది వాడేది అదే. లెక్క వేసిన వరద, కొలిచిన వరద పూర్తిగా కలిస్తే ఒకటి. "ఏటా సగటున ఎంత వస్తుందో రోజూ అంతే వస్తుంది" అని కళ్ళు మూసుకుని చెప్పినంత పనికి సున్నా. అంతకంటే అధ్వానమైతే సున్నా కంటే తక్కువ.

ఇందులో ఒక తిరకాసు ఉంది. మన నదులు జులై నుంచి అక్టోబరు వరకు నిండుగా, వేసవిలో ఎండి ఉంటాయి. వానాకాలంలో ఎక్కువ, ఎండాకాలంలో తక్కువ అని చెప్పగలిగిన ఏ లెక్కకైనా చాలావరకు మార్కులు పడతాయి. అది చెప్పడానికి కంప్యూటర్ ఎందుకు, మన మనవడు చాలు. మనకు కావలసింది ఆ ఒక్క పెద్ద వరద రోజు. ఆ రోజు ఎత్తు కలిసిందా, ఆ రోజు తేదీ కలిసిందా, మొత్తం నీళ్ళు కలిశాయా అని మూడు ప్రశ్నలు విడిగా అడగాలి. ఏడాది మొత్తానికి మంచి మార్కులు తెచ్చుకుని, వరద రోజున ఫెయిలయ్యే లెక్క మనకు పనికిరాదు. ఇంకో సంగతి కూడా ఉంది. పెద్ద వరద రోజున గేజీలే కొట్టుకుపోతాయి, నది గట్టు దాటి పొలాల్లో పారుతుంది. ఆ రోజు "కొలిచాం" అని రాసుకున్నది కూడా చాలాసార్లు అంచనాయే.

మన దేశంలో సూచన సరైనదా కాదా అన్నదానికి కేంద్ర జలసంఘం ఒక హద్దు పెట్టుకుంది. నీటిమట్టం చెప్పే చోట 15 సెంటీమీటర్ల అటుఇటు తేడా ఉంటే సరైన సూచన కింద లెక్క. జలాశయానికి ఎంత నీరు వస్తుందో చెప్పే చోట 20 శాతం అటుఇటు ఉన్నా సరైనదే. జానెడు లోపు తేడాతో నీటిమట్టం చెప్పడం మెచ్చుకోదగ్గదే. కానీ 20 శాతం సంగతి చూడండి. శ్రీశైలానికి ఐదు లక్షల క్యూసెక్కులు వస్తాయని చెప్పి, నాలుగు లక్షలు వచ్చినా, ఆరు లక్షలు వచ్చినా ఆ సూచన పాసైనట్టే. ఆ లక్ష క్యూసెక్కుల తేడా వెలిగొండ రెండు సొరంగాలు కలిసి మోసే నీటికి ఎనిమిది రెట్లకు పైన. పెద్ద నదికి అది చిన్న పొరపాటు. మనకు అదే మొత్తం నీళ్ళు. అధికారులను తప్పుపట్టడానికి ఇది చెప్పడంలేదు. సూచన వచ్చినప్పుడు అంకెతో పాటు "ఇంత తక్కువైనా కావచ్చు, ఇంత ఎక్కువైనా కావచ్చు" అని కూడా చెప్పమంటున్నాం.

ఎక్కడ తప్పుతుంది?

మొదటిది, ఆనకట్టల దగ్గర. కంప్యూటర్ నదిని నదిలా పారనిస్తుంది. మన కృష్ణ అట్లా పారదు. అడుగడుగునా ఆనకట్టలు, గేట్లు, కాలువలు. ఏ గేటు ఎప్పుడు ఎత్తాలో వాన నిర్ణయించదు, మనిషి నిర్ణయిస్తాడు. ఆ నిర్ణయం లెక్కలోకి రాకపోతే లెక్క తప్పుతుంది. 2009 గుర్తుంది కదా. సెప్టెంబరు ఆఖరు దాకా కరువు కరువని మొత్తుకున్నాం. అక్టోబరు మొదట్లో అల్పపీడనంతో కర్నూలు, మహబూబ్‌నగర్, ఉత్తర కర్ణాటకలో కుండపోత వాన. జలాశయం అప్పటికే నిండుగా ఉంది. తుంగభద్ర, హంద్రి కలిసి కర్నూలును ముంచాయి. శ్రీశైలం డ్యాంను 19 లక్షల క్యూసెక్కుల వరదకు కట్టారు. వచ్చింది 25 లక్షలకు పైన. పూర్తి మట్టం 885 అడుగులు కాగా నీళ్ళు 896 అడుగులు దాటాయి. డ్యాం నిలిచింది కాబట్టి ఈ రోజు మాట్లాడుకుంటున్నాం. అంత పెద్ద నదికి, అంత పెద్ద డ్యాంకు వేసిన లెక్కే ఆరు లక్షల క్యూసెక్కులు తక్కువైంది.

గేటు తుప్పు పట్టిందో లేదో కంప్యూటర్‌కు తెలియదు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. ఆ ముందు రోజు ఏ లెక్క చూసినా అంతా క్షేమమనే ఉండి ఉంటుంది. మన జిల్లాలో మల్లవరం దగ్గర గుండ్లకమ్మ ప్రాజెక్టు గేటు 2022 ఆగస్టు ఆఖరున కొట్టుకుపోయింది. ఏడాది తిరిగింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వచ్చి వెళ్ళిన వారంలోనే ఇంకో గేటు పోయింది. దాచుకున్న నీళ్ళు కళ్ళముందే సముద్రానికి పోయాయి. వరద ఎంత వస్తుందో చెప్పే కంప్యూటర్ కంటే, గేటుకు రంగు, గ్రీజు, గొలుసు చూసే లస్కర్ ఆ రోజు ఎక్కువ అవసరం. ఆ లస్కర్ పోస్టులు ఏళ్ళ తరబడి ఖాళీగా ఎందుకు ఉంటున్నాయో మనం అడగాలి.

రెండోది, చిన్న నదుల దగ్గర. పెద్ద నదికి వరద రావడానికి రోజులు పడుతుంది. చిన్న నదికి గంటలు చాలు. 2021 నవంబరు 19న కడప జిల్లా రాజంపేట దగ్గర చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఎగువన పింఛా కట్ట ముందు తెగింది. డ్యాం దాటించగలిగిన వరద 2.17 లక్షల క్యూసెక్కులైతే, వచ్చింది 3.20 లక్షలు. ఐదు గేట్లలో ఒకటి పనిచేయలేదని కేంద్ర జలశక్తి మంత్రి పార్లమెంటులోనే చెప్పారు. పులపుత్తూరు, మందపల్లి, తొగురుపేట ఊళ్ళను తెల్లవారేసరికి ఏరు ఊడ్చేసింది. పదుల మంది చనిపోయారు. పొలాల మీద ఇసుక మేట వేసింది. అది పెన్నకు ఉపనది. పెన్నకు వరద లెక్క ఉంటే ఏం లాభం, చెయ్యేటి గట్టున ఉన్నవాడికి తెల్లవారుజామున తలుపు కొట్టి చెప్పేవాడు లేకపోయాక?

విజయవాడ సంగతీ అంతే. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. 2009లో వచ్చిన 11.10 లక్షలను కూడా దాటింది. అందరి కళ్ళూ కృష్ణ మీద ఉన్నాయి. కానీ సింగ్‌నగర్‌ను ముంచింది కృష్ణ కాదు, బుడమేరు. చిన్న వాగు. దాని మళ్ళింపు కాలువ కట్టకు గండ్లు పడ్డాయి. వాగు దారిలో ఇళ్ళు, రోడ్లు వచ్చాయి. పెద్ద నది లెక్కలో చిన్న వాగు ఎప్పుడూ ఒక గీతే.

మూడోది, మనలాంటి మెట్ట ప్రాంతాల దగ్గర. ఎప్పుడూ తడిగా ఉండే దేశాల నదులకు లెక్క బాగా కుదురుతుంది. ఎండు నేలల్లో కుదరదు. ఇది ప్రపంచంలో అన్ని చోట్లా చూసిన సంగతే. కారణం మనకు తెలిసిందే. మన నేల తొలి వానను మింగేస్తుంది. రేగడి నెర్రెల్లోకి పోయిన నీళ్ళు ఎంతో ఎవరు కొలిచారు? మన వాన కూడా ఊరంతా పడదు. తూర్పు పొలంలో కాళ్ళు దిగబడితే, పడమటి పొలంలో దుమ్ము లేస్తుంది.

ఆపైన మన చెరువులు. యూరప్ వాళ్ళు ప్రపంచం మొత్తానికి నడిపే గ్లోఫాస్ అనే వరద మోడల్‌లో ఒక్కో గడి సుమారు ఐదు కిలోమీటర్లు పొడవు, అంతే వెడల్పు. అంటే ఒక గడిలో ఆరు వేల ఎకరాలకు పైనే. ఆ గడిలో మన ఊరుంది, పక్క ఊరుంది, రెండు చెరువులున్నాయి, నాలుగు కుంటలున్నాయి. కంప్యూటర్‌కు అదంతా ఒకే నేల. పది సెంటీమీటర్ల వాన ఆ ఒక్క గడి మీద పడితే దాదాపు 88 ఎంసీఎఫ్‌టీల నీళ్ళు. అట్లాంటివి పదకొండు గడులు కలిస్తే ఒక టీఎంసీ. ఆ నీళ్ళు చెరువు నిండా నిలిచాయా, అలుగు పారాయా, కట్ట తెంచుకుని ఒక్కసారిగా కిందికి పోయాయా అన్నది మన వాగుకు చావుబతుకుల తేడా. పెద్ద లెక్కకు అది కనిపించదు.

మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు అలుగు కింది చెరువుకు ఊట. పైది తెగితే కిందివన్నీ వరసగా తెగుతాయి. కంభం చెరువును చూడండి. విజయనగర రాజుల కాలంలో గుండ్లకమ్మ, జంపలేరు నీళ్ళకు అడ్డంగా కొండల మధ్య కట్టారు. ఐదు వందల ఏళ్ళుగా నిలిచింది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దాన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. దాన్ని కట్టినవాళ్ళకు కంప్యూటర్ లేదు. కానీ ఏ కొండ మీద వాన ఎంతసేపట్లో కట్ట దగ్గరికి వస్తుందో తెలుసు, ఆ నీళ్ళు పోయే అలుగు ఎంత వెడల్పు ఉండాలో తెలుసు. మన పామూరు మండలంలో మన్నేటి మీద మోపాడు రిజర్వాయరు ఉంది. దాని కింద లింగసముద్రం వైపు రాళ్ళపాడు ఉంది. పైన వాన పడితే మోపాడుకు ఎన్ని గంటల్లో వస్తుంది, మోపాడు అలుగు పారితే రాళ్ళపాడుకు ఎన్ని గంటల్లో చేరుతుంది అన్నది మన పెద్దలకు తెలుసు. ఆ తెలివి ఏ లెక్కలోకీ ఎక్కలేదు.

గీత ఎవరి పొలం మీద పడుతుంది?

వరద మోడల్ హెచ్చరికతో ఆగదు. రేపు నష్టపరిహారం దగ్గర, పునరావాసం దగ్గర, బీమా దగ్గర కూడా అదే మాట్లాడుతుంది. పోలవరం నిర్వాసితులు పడుతున్న బాధ చూడండి. నీళ్ళు ఎంతవరకు వెనక్కి తంతాయి అన్నది లెక్క వేసి గీత గీస్తారు. 41.15 మీటర్ల కాంటూరు లోపల ఉంటే ఒక జాబితా, 45.72 లోపల ఉంటే ఇంకో జాబితా. గీతకు ఇటు ఉంటే పరిహారం, అటు ఉంటే "తర్వాత చూద్దాం". 2022 జులై వరదకు గీతకు పైనున్న ఊళ్ళూ మునిగాయని అక్కడి జనం అప్పటి నుంచి మొత్తుకుంటున్నారు. ఎంత వరదకు లెక్క వేయాలి, 36 లక్షల క్యూసెక్కులకా, 50 లక్షలకా అని తెలంగాణ, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రాలతో తగువు సుప్రీంకోర్టు దాకా పోయింది. రాష్ట్రాలకే ఒక లెక్క కుదరనప్పుడు, ఆ లెక్కతో ఒక గిరిజన రైతుకు నీ పొలం మునగదని చెప్పడం ఏ న్యాయం?

మా అనుభవం చిన్నదే అయినా చెబుతాం. కొన్నేళ్ళ క్రితం మా ఊరి పైనున్న కుంట రాత్రికి రాత్రి తెగింది. కోతకు వచ్చిన సజ్జ, పూత మీదున్న కంది ఇసుక కింద పోయాయి. అర్జీ పట్టుకుని ఆఫీసుకు పోతే అక్కడి అధికారి కంప్యూటర్ వైపు చూసి "ఆ రోజు మీ మండలంలో నమోదైన వాన చాలా తక్కువ. ఇంత వానకు వరద రాదు" అన్నాడు. వానను కొలిచే డబ్బా మా ఊరికి చాలా దూరాన ఉంది. అక్కడ చినుకు పడింది, మా కొండ మీద కుండపోత పడింది. మా పొలంలో మోకాటిలోతు ఇసుక ఉంది. అధికారి ఇసుకను చూడలేదు, తెరను చూశాడు. ఆ రోజు నుంచి మాకు ఒకటి అర్థమైంది. వాన కొలవని చోట వరద లేనట్టే. వరద లేని చోట నష్టం లేనట్టే.

మనం అడగాల్సినవి

మన సంఘం ఈ కింది విషయాలను జిల్లా స్థాయిలోనూ, రాష్ట్ర స్థాయిలోనూ అడగాలని మా అభిప్రాయం.

ఒకటి: మండలానికి ఒకటి రెండు కాదు, ప్రతి పంచాయతీలోనూ వర్షమాపకం పెట్టాలి. ముఖ్యంగా వాగులు పుట్టే కొండల దగ్గర పెట్టాలి. ఆ లెక్క రోజూ గ్రామ సచివాలయంలో, రైతు సేవా కేంద్రంలో బోర్డు మీద రాయాలి.

రెండు: మన్నేరు, గుండ్లకమ్మ, ముసి, పాలేరు లాంటి మన చిన్న నదుల మీద నీటిమట్టం కొలిచే గేజీలు పెట్టాలి. పెద్ద నదుల లెక్కను తెచ్చి మన మీద రుద్దకుండా, ఈ చిన్న నదులకు విడిగా లెక్క వేయాలి.

మూడు: గొలుసుకట్టు చెరువులన్నింటి వివరాలు, అంటే ఎంత పట్టు, అలుగు వెడల్పు ఎంత, కట్ట ఏ స్థితిలో ఉంది, తూము పనిచేస్తుందా అన్నవి నమోదు చేసి ఆ లెక్కలో చేర్చాలి. ఏటా మే నెలలోగా కట్టల మీద చిల్లచెట్లు కొట్టించి, అలుగులు బాగుచేయించాలి.

నాలుగు: ఆనకట్టల్లో ఎంత నీళ్ళున్నాయి, ఎన్ని గేట్లు ఎత్తారు, ఎప్పుడు ఎత్తబోతున్నారు అన్నది జనానికి తెలుగులో ముందుగా చెప్పాలి. గేట్ల తనిఖీ నివేదికలు బయటపెట్టాలి. ఖాళీగా ఉన్న లస్కర్, వర్క్ ఇన్‌స్పెక్టర్ పోస్టులు నింపాలి.

ఐదు: వరద సూచన ఇచ్చేటప్పుడు ఒకే అంకె కాకుండా తక్కువలో తక్కువ ఎంత, ఎక్కువలో ఎక్కువ ఎంత అన్నది చెప్పాలి. ఏడాది చివర, పెద్ద వరద రోజుల్లో సూచన ఎంత, వచ్చింది ఎంత అన్నది ప్రకటించాలి.

ఆరు: కంప్యూటర్ లెక్క ఒక్కదాని ఆధారంగా ఏ రైతుకూ నష్టపరిహారం, బీమా నిరాకరించకూడదు. పొలానికి వచ్చి చూడాలి. పొలంలో కనిపించేదానికీ, తెర మీద కనిపించేదానికీ తేడా వస్తే పొలమే సాక్ష్యం కావాలి.

ఏడు: వెలిగొండ పనులు పూర్తిచేసి, శ్రీశైలానికి వరద వస్తుందన్న సూచన వచ్చిన మొదటి రోజు నుంచే నీళ్ళు తీసుకునేటట్టు ఏర్పాటు ఉండాలి. వరద రోజులు ఎన్నో, మనం తీసుకున్నది ఎంతో ఏటా లెక్క చెప్పాలి.

మనం చెయ్యాల్సినవి

అడిగి ఊరుకుంటే దున్నపోతు మీద వాన కురిసినట్టే ఉంటుంది. కొన్ని పనులు మన చేతిలోనే ఉన్నాయి. ప్రతి ఊరి శాఖ ఒక నోటు పుస్తకం పెట్టాలి. వాన పడిన ప్రతిసారీ తేదీ, మొదలైన వేళ, ఆగిన వేళ, వాగు వచ్చిన వేళ, చెరువు అలుగు పారిందా లేదా రాయాలి. నిటారు గోడలున్న డబ్బా ఒకటి ఆరుబయట చెట్టు నీడ పడని చోట పెట్టి స్కేలుతో కొలిస్తే వాన ఎంతో చాలావరకు తెలుస్తుంది. ఇంకో పని. పెద్ద వరద ఏ ఏడు ఎక్కడి దాకా వచ్చిందో మన ముసలివాళ్ళకు తెలుసు. వాళ్ళు ఉండగానే వాళ్ళను తీసుకుపోయి, వంతెన మీదో, గుడి అరుగు మీదో, బడి గోడ మీదో సున్నంతో గుర్తు పెట్టి సంవత్సరం రాయించండి. సెల్‌ఫోన్‌తో ఫోటో తీసి సంఘం ఆఫీసుకు పంపండి. ఇంజనీర్లు వాళ్ళ లెక్కను సరిచూసుకోవడానికి ఇంతకంటే మంచి ఆధారం దొరకదు. రేపు పరిహారం దగ్గర మనకు పనికొచ్చే కాగితమూ అదే.

ఆ రోజు సమావేశంలో అడిగిన పెద్దాయనను మళ్ళీ కలిశాం. ఆయనకు మన్నేటికి వచ్చిన పెద్ద వరదలు వరసగా గుర్తున్నాయి. ఏ ఏడు నీళ్ళు ఎవరి కల్లం దాకా వచ్చాయో, ఎవరి గడ్డివాము కొట్టుకుపోయిందో, ఆ వానకు ముందు నేల తడిసి ఉందో ఎండి ఉందో చెప్పాడు. ఫోన్ చూపించిన కుర్రాడే పక్కన కూర్చుని అదంతా రాసుకున్నాడు. మన మండలం నోటు పుస్తకంలో మొదటి నాలుగు పేజీలు ఆయన చెప్పినవే. మిగతా పేజీలు మిగతా ఊళ్ళు నింపాలి. వచ్చే నెల సమావేశానికి ప్రతి శాఖ తన పుస్తకం తీసుకురావాలని కోరుతున్నాం.